గుమ్మాల ముందు బాణాలు

లక్ష్మీప్రసన్నకు పరుగు అలవాటైంది వాళ్ళ నాన్నకున్న షుగర్ వల్ల.

వెంకట్రాజుగారికి ఏలూరు టూ టౌన్‌లో పూజాసామాన్ల కొట్టుంది. పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు, ముగ్గుపిండి, వ్రతాలకు కావలసిన సరంజామా అంతా అక్కడ దొరుకుతుంది. రోజూ పొద్దున్నే నడవమని డాక్టరు ఆయనకు చెప్పాడు. ఒక్కణ్ణీ పంపితే మొదటి టీకొట్టు దగ్గరే ఆగిపోతాడని భార్యకు బాగా తెలుసు. అందుకని కూతుర్ని కాపలాగా పంపింది.

ప్రసన్నకు అప్పటికే చదువు ఆగిపోయింది. ఇంటర్ రెండో ఏడు మధ్యలో అమ్మకు వెన్నుకు ఆపరేషన్ అయితే, కొట్లో ఎవరో ఒకరు కూర్చోక తప్పలేదు. వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ వచ్చే ఏడు కూడా కొట్లోనే గడిచిపోయింది. వచ్చినవాళ్ళు అడిగింది పొట్లం కట్టి, తల వంచుకునే ఇచ్చేది. మనుషుల్ని ముఖాల కంటే చేతుల్ని చూసి ఎక్కువ గుర్తుపట్టేది. ఎవరి గోళ్ళకు గోరింటాకు పండింది, ఎవరి వేలికి ఉంగరం లేకుండా పోయింది, అన్నీ కనిపించేవి. మాట మాత్రం పైకి వచ్చేది కాదు.

స్టేడియంలో వెంకట్రాజుగారు ఒక చుట్టు నడిచి, గ్యాలరీ మెట్ల మీద స్నేహితుల పక్కన కూలబడేవారు. మగవాళ్ళ మధ్య తనూ కూర్చోలేక ప్రసన్న నడక సాగించేది. కానీ నడుస్తుంటే ఎవరో ఒకరు పక్కకొచ్చి, "ఎవరి అమ్మాయివమ్మా? ఏం చదువుతున్నావు?" అనేవారు. ఆ రెండో ప్రశ్న వినపడకుండా ఉండాలని ఓ రోజు నాలుగడుగులు పరిగెత్తింది. నడిచేవాళ్ళను ఎవరైనా పలకరిస్తారు గానీ పరిగెత్తేవాళ్ళను పలకరించడం కష్టమని ఆవేళ తెలిసింది. చున్నీ నడుముకు అడ్డంగా బిగించి, మర్నాటి నుంచి పరుగే. కొన్నాళ్ళకు ఆ ఆటస్థలంలో ఆమెను దాటిపోగలిగినవాళ్ళు తక్కువమందే మిగిలారు. ముందు ఎవరూ లేకుండా, ఎవరి వీపూ కనపడకుండా పరిగెత్తడమంటే ఆమెకు మహా ఇష్టం. రోజు మొత్తంలో ఆమె తల ఎత్తి చూసేది ఆ కాసేపే.

కిరణ్ కుమార్ కంట్లో పడింది అలాగే. ఆయన బ్యాంకు ఉద్యోగి, బదిలీ మీద వచ్చినవాడు. ఆదివారాలు పదిమందిని పోగుచేసి పరిగెత్తించడం ఆయన సరదా. పెద్ద పెద్ద నగరాల్లో కొత్తగా వచ్చినవాళ్ళకు పరిగెత్తిస్తూనే ఊరంతా చూపిస్తారట. ఏలూరు వచ్చినవాళ్ళు మాత్రం బస్టాండు చూసి వెళ్ళిపోతున్నారని ఆయన బాధ.

"కాలవ వంతెన మీదుగా టూ టౌన్ పాత వీధులు, తివాచీల మగ్గాలు, చెరువులో బుద్ధుడి విగ్రహం, అక్కణ్ణుంచి కొల్లేరు రోడ్డు. ఎంత బాగుంటుందండీ," అన్నాడు ఓ రోజు గ్యాలరీ మెట్ల దగ్గర. "నాకు మీ సందులే తెలీవు."

"మా అమ్మాయికి తెలుసండి," అనేశారు వెంకట్రాజుగారు. "చిన్నప్పట్నుంచీ ఇంటింటికీ సామాన్లిచ్చి వచ్చేది. ఏ సందు ఎటు తేలుద్దో కళ్ళు మూసుకుని చెప్పుద్ది."

 అంత గర్వంగా చెప్పిన ఆయనే ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చుని మెల్లగా అన్నారు. "చూడమ్మా. మన వీధి సంగతి నీకు తెల్సు. ఆడపిల్ల రోడ్డు మీద పరిగెడతందని ఇప్పటికే గుసగుసలు. ఒక్క మాట నా చెవిన పడిందంటే మాత్రం ఇంక పరుగూ లేదు, స్టేడియమూ లేదు."

ఆ మాటతో ఆమెకు ఆ వారమంతా అన్నం సహించలేదు.

ప్రతి మలుపులోనూ ఒక మనిషిని నిలబెడదామన్నాడు కిరణ్ కుమార్. ప్రసన్న ముందుండి, ఒక్కోచోట ఆగి, ఇది ఫలానా అని అందరికీ వివరించాలి.  ముక్కూ మొహం తెలియని నలభైమంది తన నోటివైపు చూస్తుంటే మాట పెగులుతుందా? ఆ భయంలోంచే ఉపాయం తట్టింది.

"మనుషులు అక్కర్లేదండీ. ముగ్గుపిండితో బాణాలు గీస్తాను. వాటి వెంట వచ్చేస్తారు."

ఆమె ఆయనతో అన్న మాటల్లో అంత పొడుగైంది అదొక్కటే. కిరణ్ కుమార్ ముచ్చటపడి సరేనన్నాడు.

శనివారం రాత్రి అందరూ అన్నాలకు లోపలికెళ్ళిన వేళ, కొట్లోంచి ముగ్గుపిండి తీసుకుని బయల్దేరింది. వీధి మధ్యలో గీస్తే ఆటోలు, ట్రాక్టర్లు తొక్కి చెరిపేస్తాయి. అందుకని బాగా ఆలోచించి, అంచుకు జరిగి, చక్రం ఎక్కని చోట, ఇళ్ళ గుమ్మాల ముందు గీసింది. చిక్కుసందుల్లో మలుపు మలుపుకూ ఒక బాణం. ఎవరూ చూడకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా పని అయిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే నేల మీద తెల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది.

వాళ్ళ ఇల్లు కొట్టు మీది మేడ. కింద షట్టరు, పైన గుమ్మం. ఆ గుమ్మానికి వాళ్ళమ్మ ఏనాడో పెయింటుతో ముగ్గు వేసేసింది. పుట్టినప్పటి నుంచీ ముగ్గుపిండి మధ్యే పెరిగిన ప్రసన్న, ఆ పిండి కొనుక్కెళ్ళిన ఆడవాళ్ళు తెల్లారుజామున దానితో ఏం చేస్తారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆదివారం చీకటి విడవకముందే జనం చేరారు. భీమడోలు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో చీర కుచ్చెళ్ళు పైకి దోపి, కాళ్ళకు తెల్ల బూట్లు తొడుక్కున్న ఓ పెద్దావిడ ప్రసన్న కంటపడింది. పేరు రత్నాంబ. పక్కన కూతురు తేజస్వి, బాగా పరిగెత్తే పిల్ల.

"ఏవమ్మా, దారి చూపించేది నువ్వేనంటగా," అంది రత్నాంబ. "నేను పరిగెత్తేదాన్ని కాదు. ముప్పై ఏళ్ళుగా రైల్లోంచి ఏలూరు స్టేషనే చూస్తన్నాను. ఊరు చూద్దామని వచ్చాను."

ప్రసన్న నవ్వి, చున్నీ బిగించుకుంది.

"అమ్మా, నువ్వు నెమ్మదిగా రా. బాణాలున్నాయంట," అంది తేజస్వి. "ఫోను పట్టుకో."

"చెమటకి జారిపోద్ది. నీ దగ్గరే ఉంచు. పోతే నేను పోతాను గానీ ఫోను పోకూడదు."

కూతురు నవ్వుతూ ఫోను నడుముసంచిలో వేసుకుంది. రత్నాంబ చెంగున కట్టుకున్న మాత్ర విప్పి, రెండు గుక్కల నీళ్ళతో మింగింది. నాన్న రోజూ వేసుకునే మాత్రే అది, ఆ రంగు ప్రసన్నకు తెలుసు. అది వేసుకుంటే వెంటనే ఏదైనా తినాలి. ఆవిడేమీ తినలేదు. టిఫిన్లు చివర్న ఉన్నాయి. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూ ఉండగానే కిరణ్ కుమార్ చప్పట్లు కొట్టి బయల్దేరమన్నాడు.

వంతెన దాటేసరికి కాలవ మీద మంచు లేస్తోంది. గుర్రపుడెక్క ఆకుల మీద కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. వెనక ఎవరో, "అబ్బ, ఇంత బాగుంటుందా ఇక్కడ," అంటుంటే ప్రసన్నకు తన చీరెను మెచ్చుకున్నంత సంతోషం కలిగింది. ముందు ఎవరూ లేరు. అడుగులు తేలిగ్గా పడుతున్నాయి.

పాత వీధిలో మొదటి మలుపు తిరిగింది. నేల తడిగా ఉంది.

అర్థం కావడానికి నాలుగడుగులు పట్టింది. గుమ్మం ముందు పచ్చగా, చిక్కగా కళ్ళాపి జల్లి ఉంది. బాణం లేదు. బాణం ఉండాల్సిన చోట ఓ అమ్మాయి వంగి చుక్కలు పెడుతోంది. తర్వాతి ఇంటి ముందూ అంతే. ఆ పక్కిల్లు ఇంకా తడవలేదు గానీ ఒకావిడ బకెట్టుతో బయటికొస్తోంది. ప్రసన్న చూస్తుండగానే దోసెడు పేడనీళ్ళు తెల్లటి బాణం మీద ఛళ్ళున పడ్డాయి.

 చక్రాల నుంచి కాపాడటానికని పోయి పోయి, ఊళ్ళో ఆడవాళ్ళంతా రోజూ కడిగే చోటే గీసింది.

ఆగాలా? ఆగి ఏం చెప్పాలి? వెనక పదిహేనుమంది ఆమె వీపు చూసుకుంటూ వస్తున్నారు. ఆగితే వాళ్ళంతా ఆగుతారు, ఏమైందంటారు. ఆమె ఆగలేదు. వెనకున్నవాళ్ళు ముందువాళ్ళను చూసుకుంటూ వస్తారులే అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్న కొద్దీ అడుగు బరువెక్కింది. మగ్గాల ఇళ్ళు, చెరువులో బుద్ధుడు, ఏవీ కంటికి ఆనలేదు. తెల్ల బూట్లు, దోపిన కుచ్చెళ్ళు, ఖాళీ కడుపున మింగిన మాత్ర, ఇవే కళ్ళ ముందు.

కొల్లేరు రోడ్డు మొదట్లో, చేపల చెరువులు మొదలయ్యే చోట టిఫిన్ల దగ్గర అందరూ చేరారు. కొందరు దారి అడుక్కుంటూ, కొందరు ఆటో ఎక్కి, నవ్వుకుంటూ వచ్చారు.

"బాణాలేవమ్మాయ్? రాత్రి కలలో గీశావా?" అన్నాడో భీమడోలు ఆయన. అందరూ నవ్వారు. ప్రసన్న నవ్వలేదు, వచ్చే దారివైపే చూస్తోంది.

తేజస్వి ఇడ్లీ ప్లేటు పట్టుకుని మొదట, "వస్తుందిలెండి, మా అమ్మ కనపడ్డవాళ్ళందరితో కబుర్లేసుకుంటది," అంది. కాసేపటికి ప్లేటు పక్కన పెట్టింది. ఇంకాసేపటికి ఆమె ముఖం పాలిపోయింది. "షుగరండీ ఆవిడకి. పొద్దున్న ఏమీ తినలేదు. ఫోను నా దగ్గరే ఉంది."

కిరణ్ కుమార్ ఎవరిదో బండి తీసుకుని పెద్దరోడ్డు వెంట వెనక్కి వెళ్ళాడు. తేజస్వి వెనక ఎక్కింది. సందుల్లోకి బండి తిరగదు. ప్రసన్న ఎవరికీ చెప్పకుండానే పరుగందుకుంది.

ఇది రోజూ పరిగెత్తే పరుగు కాదు.  ఒక్కో సందు మొదట ఆగి అటూ ఇటూ చూడటం, మళ్ళీ పరుగు. అప్పటికి తెల్లగా తెల్లారింది. ప్రతి గుమ్మం ముందూ ముగ్గు. పద్మాలు, నెమళ్ళు, చుక్కలు. అంత అందమైన వీధిని చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరినైనా అడగాలి. అడిగితే ఎందుకంటారు, ఎవరంటారు. నాన్న చెవిన పడుతుంది.

నాలుగిళ్ళ సందు దగ్గర బాలాత్రిపురసుందరిగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. వీధిలో ఆవిడకు తెలియకుండా పిల్లి కూడా ఈనదు. ప్రతి శుక్రవారం కొట్టుకొచ్చి కుంకుమ కొనే మనిషి.

"ఏవే ప్రసన్నా, పొద్దున్నే ఆ పరుగేంటే, ఎవరన్నా తరుముతున్నారా?"

ప్రసన్న ఆగింది. 

"జాగ్రత్తమ్మా, రోజులు బాలేవు," అన్నారావిడ. "రాత్రి ఎవడో మన గుమ్మాల ముందు తెల్ల బాణాలు గీసి పోయాడు. దొంగలు అలాగే గుర్తులు పెట్టుకుంటారంట. చేతబడేమోనని ఎదురింటావిడ ఒకటే వణుకు. నేనైతే పేడనీళ్ళు పోసి, పైన పసుపు చల్లి, వెధవ ఎవడో వాడి చెయ్యి పడిపోవాలని తిట్టి మరీ కడిగాను."

"నేనేనండీ," అంది ప్రసన్న.

"ఏంటి నువ్వు?"

"ఆ బాణాలు గీసింది నేనేనండీ మామ్మగారూ. పరుగుకొచ్చినవాళ్ళకి దారి కోసం. ఒకావిడ కనపడట్లేదు. పెద్దావిడ, చీరె మీద తెల్ల బూట్లేసుకుంది. షుగర్ మనిషండీ. ఇటు వచ్చారాండీ?"

అన్ని మాటలు ఒకదాని వెంట ఒకటి ఎలా వచ్చాయో ఆమెకే తెలియలేదు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి ఓ క్షణం చూశారు. తిట్లు రాబోతున్నాయనుకుంది ప్రసన్న. తిట్టడానికి కూడా టైము లేదని ఆవిడకూ తోచినట్టుంది.

"వచ్చింది. కొల్లేరుకి దారెటండీ అంది. మీ వాళ్ళంతా కొల్లేరు రోడ్డుకే కదా వెళ్ళింది? పెద్దరోడ్డు చుట్టెందుకులే అని ఆ వెనక సందులోంచి చెరువుగట్టు చూపించాను. దగ్గర దారి కదాని." గొంతు తగ్గించారు. "చాలాసేపైందే."

ఆ గట్టు ప్రసన్నకు తెలుసు. సందు దాటగానే అది రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్ళీ రెండుగా చీలిపోతాయి. చుట్టూ ఒకేలా ఉండే చేపల చెరువులు. కొత్తవాళ్ళకు ఏ గట్టు ఎటు పోతుందో తెలియదు. పక్కన నీళ్ళు లోతు.

గట్టెక్కింది. మనిషి జాడ లేదు. పక్షులు వాలకుండా కట్టిన దారాలు గాలికి సన్నగా మోగుతున్నాయి. "రత్నాంబగారూ," అని పిలిచింది. చెరువు అవతలికి కూడా చేరనంత చిన్న గొంతు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు నీళ్ళ మీది గూడబాతులు బరువుగా రెక్కలు విదిల్చి లేచాయి. జవాబు రాలేదు. ఎడమకు తిరిగింది. కొంత దూరం పోయి, కాదని వెనక్కొచ్చి కుడికి తిరిగింది. నీళ్ళలో ఏదో తెల్లగా కనిపిస్తే గట్టు అంచున వంగి చూసింది. చేపల మేత సంచి అది.

రెండో మలుపు అవతల, మోటారు షెడ్డు నీడన రత్నాంబ కూర్చుని ఉంది. కూర్చున్నట్టు లేదు, జారిపోయినట్టుంది. ముఖం నిండా చెమట, చేతులు సన్నగా వణుకుతున్నాయి.

"రైలొచ్చిందా?" అంది ప్రసన్నను చూసి.

 నాన్నకు ఇలాగే ఒకసారి అయింది, అప్పుడూ ఇలాగే సంబంధం లేని మాటలు. పంచదార కావాలి. కొట్టు నిండా పటికబెల్లం ఉన్న ఇంటి పిల్ల దగ్గర ఇప్పుడు చిటికెడు తీపి లేదు. దూరంగా చెరువు కాపలావాళ్ళ పాకలోంచి పొగ లేస్తోంది. ఆవిడను వదిలి వెళితే నీళ్ళలోకి ఒరిగిపోతుందేమో. ప్రసన్న ఆవిడను తన భుజానికి ఆనించుకుని, పాకవైపు తిరిగి గొంతు చించుకుని అరిచింది.

"ఏవండీ! పంచదార! ఎవరండీ అక్కడ, పంచదార తెండి!"

పుట్టి బుద్ధెరిగాక ఆమె అంత గట్టిగా అరిచింది లేదు. పాకలోంచి గ్రేస్ అనే ఆవిడ, కాపలా మనిషి భార్య, చేతిలో గ్లాసుతో గట్టు వెంట పరిగెత్తుకుంటూ వచ్చింది. వస్తూ వస్తూనే పంచదార వేలితో కలిపేస్తోంది.

"మెల్లగా పట్టమ్మా. గొంతుకి అడ్డం పడుద్ది. మా అత్తకీ ఇంతే, ఎన్నిసార్లు చూశానో."

గ్లాసు సగమయ్యేసరికి వణుకు తగ్గింది. మొత్తం తాగాక రత్నాంబ చుట్టూ చూసి, చీర సర్దుకుని, ఎవరో తెలియని ఆవిడ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నందుకు సిగ్గుపడింది. తర్వాత ప్రసన్న ముఖం చూసింది.

"ఏడవకే పిల్లా. ఊరంతా చూశాను, పక్షుల్ని చూశాను. నీ బాణాలే చూళ్ళేదు."

గ్రేస్ ఫక్కున నవ్వింది. ప్రసన్నకు నవ్వు రాలేదు.  గ్రేస్ ఫోను తీసుకుని కిరణ్ కుమార్‌కు కబురు చెప్పింది. తేజస్వి వచ్చి తల్లిని పట్టుకుని, ప్రసన్నవైపు చూడకుండా తీసుకెళ్ళిపోయింది. ఆ చూడకపోవడం ప్రసన్నకు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

ఆమె ఇల్లు చేరేలోపే మాట చేరిపోయింది. కొట్టు ముందు బాలాత్రిపురసుందరిగారి గొంతు వినిపిస్తోంది. బాణాల సంగతి, పసుపు సంగతి, అరుపు సంగతి, అన్నీ. వెంకట్రాజుగారు తల పంకిస్తూ విన్నారు.  రాత్రి అన్నాలయ్యాక కూతుర్ని అడిగారు.

"ఆవిడకేమన్నా అయ్యుంటే?"

 రోజంతా ప్రసన్న తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే.

"ఇంక చాలమ్మా," అన్నారాయన.

ఆ వారం తండ్రీకూతుళ్ళు స్టేడియానికి వెళ్ళలేదు. కొట్లో కూర్చుంటే, కొనడానికి వచ్చిన ప్రతి చెయ్యీ వణుకుతున్నట్టే కనిపించేది. శుక్రవారం రత్నాంబ ఫోను చేసింది. ఒంట్లో బానే ఉందని, ఆదివారం మళ్ళీ వస్తానని, ఈసారి కడుపు నిండా ఉప్మా తిని మరీ వస్తానని. కూతురు వద్దంటోందట. "అది వద్దంటే ఆగుతానేంటి? కాకపోతే వెనకబడతాను, ముందే చెప్తున్నా."

ఫోను పెట్టేశాక ప్రసన్న చాలాసేపు కర్పూరం డబ్బాలు సర్దినవే సర్దుతూ కూర్చుంది. కొట్టు కట్టేసే వేళకు నాన్న దగ్గరికెళ్ళి నిలబడింది.

"ఆదివారం వెళ్తాను నాన్నా. ముందు పరిగెత్తను. అందరికంటే వెనకుంటాను. ఆఖరి మనిషి వెనకాల."

 ఆదివారం తెల్లారుజామున మెట్ల కింద ఆయన బూట్లు తొడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

ఇప్పుడు ఏలూరు ఆదివారం పరుగుకు ప్రతి మలుపులోనూ ఒక మనిషి నిలబడి ఉంటాడు. ముందు పరిగెత్తేది ఎవరో ఒక కుర్రాడు. ప్రసన్న అందరికంటే వెనక ఉంటుంది. ఆమె వేగం తెలిసినవాళ్ళు, "నీలాంటిది అంత వెనకేంటమ్మా," అంటారు. ఆమెకూ కాళ్ళు లాగుతాయి. ఎదురుగా ఎవరూ లేని దారి, తల ఎత్తుకున్న ఆ కాసేపు గుర్తొస్తాయి. కానీ ఆయాసపడేవాళ్ళ పక్కన, మోకాళ్ళు పట్టుకుని ఆగేవాళ్ళ పక్కన నడుస్తూ, ఇది మగ్గాల ఇల్లండి, ఇక్కడ నేసేది తివాచీలండి, అదిగో ఆ గూడబాతులు కొల్లేట్నుంచే వస్తాయండి, అని చిన్న గొంతుతో చెబుతూ ఉంటుంది. బయల్దేరేముందు ఏమన్నా తిన్నారాండీ అని ప్రతి ఒక్కరినీ అడుగుతుంది. నవ్వుతారు. నవ్వనీ.

మొన్న ఆదివారం తిన్నగా పోతున్న గుంపులోంచి ఒకాయన బూటు తాడు కట్టుకోవడానికి కాలవ వంతెన మొదట్లో వంగాడు. మంచులో ఆయన ఆనలేదు. ప్రసన్న ముందున్నవాళ్ళ తలలు లెక్కపెట్టుకుంది, ఒకటి తగ్గింది. మళ్ళీ లెక్కపెట్టింది.  వెనక్కి తిరిగి పరుగు తీయబోతుంటే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏంటమ్మా, అలా ఉన్నావు?" అన్నాడు.

"ఏం లేదండి. పదండి," అంది ప్రసన్న. ఆయన ముందుకు కదిలేదాకా ఆగి, అప్పుడు ఆయన వెనక నడిచింది.